కంటికి మిఠాయి

కోరుట్లలో ఒక ప్రాథమిక పాఠశాల యెదుట చిన్న దుకాణ మొకటి కలదు. దుకాణమనుట గొప్పకే, నాలుగు రేకులు, ఒక చెక్కబల్ల, బల్లవెనుక ఒక ముసలమ్మ. సాయంకాలము బడిగంట మ్రోగుటయే తడవుగా పిల్లలు గుంపుగా నచ్చటికి పరుగెత్తుదురు. పైనుండి సరములుగా వ్రేలాడు ప్యాకెట్లు, బల్లమీద మూతల సీసాలు, అట్టపెట్టెలు. ఎటుచూచినను ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ. ఇవి యన్నియు మిఠాయిలు. కాని మిఠాయివలె నగపడునది వానిలో నరుదు. ఒకటి చేతిగడియారము, ఒకటి పాలసీస, ఒకటి యీల, ఒకటి పండ్లు తోముకొను మందుగొట్టము, ఒకటి సిగరెట్టుపెట్టె.

ఒకనాడు నేనా త్రోవను బోవుచు అచ్చట కొంతసేపు నిలిచితిని. ఏడెనిమిదేండ్ల బాలిక యొకతె పిడికిట నైదురూపాయల బిళ్ళ బిగించుకొని వచ్చెను. "ఏం గావాలె బిడ్డా?" యని ముసలమ్మ యడిగెను. "గా లిప్‌స్టిక్కు" అని బాలిక వ్రేలు చూపెను. అది పెదవుల కద్దుకొను రంగుకడ్డీ వంటి మిఠాయి. బాలిక మూత తీసెను, అడుగున ద్రిప్పెను, పైకి వచ్చిన యెర్రని కడ్డీని పెదవుల కద్దుకొనెను, తోడి పిల్లలకు జూపెను, పిమ్మట చీకెను. నాలుగు నిమిషములలో మిఠాయి ముగిసినది. గొట్టము మాత్రము చేతిలో మిగిలినది. నాలుక యెర్రబడినది. "ఎట్లున్నది బిడ్డా?" యని యడిగితిని. "తియ్యగున్నది" అనెను. "ఏం రుచి?" యని మరల నడిగితిని. బాలిక కొంత యాలోచించి, నిజము తప్ప మరొకటి యెరుగని ముఖముతో, "ఎర్ర రుచి" యనెను.

ఈ చిన్న మాటలో నేటి మిఠాయి వ్యాపారమంతయు నిమిడియున్నదని నాకు దోచినది. మామిడికి రుచి కలదు, రేగుపండునకు రుచి కలదు, బెల్లమునకు రుచి కలదు; ఎరుపునకు రుచి యెక్కడిది? ఆ బిడ్డ నోటితో తినలేదు, కంటితో తినినది. వర్తకుడును నోటికి అమ్మలేదు, కంటికి అమ్మినాడు. చక్కెర యొక నెపము. అమ్ముడైనది రంగు, ఆకారము, మెరుపుకాగితము, దానిమీది నవ్వుబొమ్మ. పెద్దలను మోసగించువానిని మనము మోసగాడందుము. అక్షరములు పూర్తిగా కూడుకొని చదువనేరని పసివానికి కంటిమీద వలవేసి పట్టువానిని మాత్రము తెలివిగల వ్యాపారి యందుము. ఈ భేదము న్యాయమా యని నా ప్రశ్న.

ఇందుకు కొందరు నవ్వుదురు. "రంగుమిఠాయి నేడు క్రొత్తగా బుట్టినదా? మన పెద్దలు తినలేదా?" యందురు. నిజమే, దాచవలసిన పని లేదు. హోళీపున్నమనాడు మన ప్రాంతమున పిల్లల మెడలలో చక్కెరపేర్లు వేయుదుము. అవి తినుటకంటె ధరించి తిరుగుటకే యెక్కువ. వేములవాడ వంటి జాతరలలో బొంబాయిమిఠాయివాడు కర్రకు జుట్టిన గులాబిరంగు ముద్దను లాగి, సాగదీసి, పిల్లవాని మణికట్టునకు గడియారము కట్టెడివాడు. అడిగినచో నెమలిని జేసి యిచ్చెడివాడు. పీచుమిఠాయివాని గంట వినబడినచో మనమును వీధిలోనికి పరుగెత్తినవారమే. పిల్లలకు రంగుమీదను రూపముమీదను మక్కువ సహజము. దానిని తప్పుపట్టువాడు బాల్యమునే తప్పుపట్టుచున్నాడు.

అయినను నాటికిని నేటికిని భేద మున్నది. బొంబాయిమిఠాయి మన కన్నులయెదుట తయారయ్యెడిది. చేయువాని చేతులు శుభ్రమో మురికియో తల్లి చూచెడిది, వలదనిన వలదనెడిది. మిఠాయికి ముసుగు లేదు. గడియారమైనను నెమలియైనను చక్కెరయే. తినినచో రూపముతో గూడ కరగిపోయెడిది. అది జాతరకు వచ్చెడిది, పండుగకు వచ్చెడిది, తక్కిన దినములలో లేదు. నేటిది ప్రతిదినము బడిద్వారమున వేచియుండును. దానిని చేసిన చేతులు మన కగపడవు. రూపము చక్కెరలో లేదు, ప్లాస్టిక్కులో నున్నది. చక్కెర కరగినను రూపము చేతిలో మిగిలి, రేపు మరియొక రంగుదానిని కొనుమని పిల్లవానిని పోరును. నాటి బొమ్మ మిఠాయికి అలంకారము. నేటి మిఠాయి బొమ్మకు దూది.

ఈ సంగతి మన సిరిసిల్లవారికి ఒకరు చెప్పవలసినది కాదు. మరమగ్గముల చప్పుడు, మనవారి మాటలో సాంచాల చప్పుడు, వినుచు పెరిగిన యూరది. బట్ట కొనవచ్చినవాడు మడత విప్పించును, అంచు చూచును, నూలును వ్రేళ్ళనడుమ నలిపి చూచును, వెలుతురున కెత్తి పట్టును. పిమ్మటనే బేరము. పైకాగితమును జూచి గుడ్డ కొనువానిని సిరిసిల్లలో పిల్లలు గూడ నవ్వుదురు. ఆ యూరి నేతగాడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో నిముడు చీరను నేసి పేరు గాంచెను. పెట్టె చిన్నది, లోని పనితనము గొప్పది, అది శిల్పము. నేటి మిఠాయి దీనికి తలక్రిందు: పెట్టె గొప్పది, లోన చెంచాడు చక్కెర. దీనిని మడత విప్పి చూచుటకు వీలులేదు. విప్పినచో కొనినట్లే. గుడ్డ కొనునప్పుడు మనకున్న హక్కు, బిడ్డ నోటిలోనికి బోవు వస్తువును గొనునప్పుడు లేకపోయెను.

"విప్పి చూడనక్కర లేదు, వెనుక నంతయు వ్రాసియున్నది, చదువుకొనవచ్చును" అని వర్తకులందురు. ఇదియే నా వాదమునకు మూలస్థానము. పాఠకులు ఓపికతో విందురుగాక. ప్యాకెట్టునకు రెండు ముఖములు. ముందరి ముఖము బొమ్మ. అది అన్ని భాషలలోను మాటలాడును. చదువురాని బిడ్డకును, చదువురాని తల్లికిని అర్థమగును. వెనుకటి ముఖము అక్షరము. అందు ఏమేమి కలిపిరో, ఏ రంగు వేసిరో, ఎప్పుడు చేసిరో యుండును. ఆ యక్షరము ఏ భాషలో నుండవలెను? 2020లో ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ చేసిన లేబులు నిబంధనల ప్రకారము, వివరములు ఇంగ్లీషులో గాని దేవనాగరి లిపిలో హిందీలో గాని యుండిన జాలును. తెలుగులో వేయుట వర్తకుని యిష్టము, విధి కాదు. జగిత్యాల సంతలో నమ్ము వస్తువును గూర్చి జగిత్యాల తల్లికి ఆమె భాషలో చెప్పవలసిన బాధ్యత చట్టరీత్యా ఎవరికిని లేదు.

అంతకంటె విచిత్రమైనది మరియొకటి కలదు. ప్యాకెట్టు వైశాల్యము 100 చదరపు సెంటీమీటర్లకు మించనిచో, అందు గలిపిన పదార్థముల పట్టికను, పోషక వివరములను దానిమీద వేయనక్కర లేదని మినహాయింపు కలదు. అవి పెద్దపెట్టెమీద నుండిన జాలును. కాగితము చిన్నది, చోటు చాలదు, కావున మినహాయింపు అందురు. వినుటకు సబబుగనే యున్నది. కాని ఆలోచింపుడు. పెద్దలు గొను పెద్దసంచికి వివరము కావలెను. రూపాయికి బిడ్డ కొను బిళ్ళకు వివర మక్కరలేదు! పెద్దపెట్టె దుకాణము బల్లక్రింద నుండును. బిడ్డ చేతికి వచ్చునది బొమ్మ గల కాగితము మాత్రమే. ఏ కొనుగోలుదారునికి రక్షణ మిక్కిలి యవసరమో, వానికే చట్టము వెనుకటి ముఖమును చెరిపివేసి ముందరి ముఖమును మిగిల్చినది. చెప్పుటకు చోటు చాలని కాగితముమీద నవ్వుబొమ్మకు చోటెట్లు చాలినదో యెవరును అడుగరైరి.

ఇక రంగుల సంగతి. మన దేశమున ఆహారమున వాడదగిన కృత్రిమపు రంగులు ఎనిమిది. సామాన్యముగా కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదు. అనుమతి గల రంగును మితముగా వాడినచో అది విషమని నేననను. అతిశయోక్తి సంస్కారమునకు శత్రువు. కాని ఆ యనుమతి గల రంగులలో టార్ట్రజీను, సన్‌సెట్ యెల్లో, కార్మోయిసిన్, పాన్సో 4ఆర్ అను నాలుగింటిని గూర్చి ఐరోపావా రేమి చేసిరో చూడుడు. 2007లో ఇంగ్లండునందలి సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమువారు పిల్లలమీద నొక పరిశోధనము ప్రకటించిన పిమ్మట, 2010 జూలైనుండి ఈ రంగులు గల తినుబండారములపై "ఇది పిల్లల నడవడికిని ఏకాగ్రతకును చెరుపు చేయవచ్చును" అను భావముగల హెచ్చరిక వేయవలెనని శాసించిరి. పరిశోధనము తుదిమాట కాదని యెరిగియు, సందేహ మున్నచోట తల్లికి తెలుపుట ధర్మమని వారు తలచిరి. ఎరిత్రోసిన్ అను మరియొక యెరుపును 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వము ఆహారమునుండి తొలగింప నిశ్చయించెను. మన యెనిమిదింటిలో అదియు నొకటి.

అనుమతి లేని రంగుల కథ వేరు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలోను తమిళనాడులోను పీచుమిఠాయిని పరీక్షింపగా అందు రోడమిన్-బి బయటపడెను. రెండు ప్రభుత్వములును దాని యమ్మకమును నిలిపివేసెను. మార్చిలో కర్ణాటకమువారు రంగు వేసిన పీచుమిఠాయిని నిషేధించి, తెల్లనిదానికి అభ్యంతరము లేదనిరి. రోడమిన్-బి యనగా నేమి? అది బట్టలకును కాగితమునకును వేయు అద్దకపు రంగు. ఏ రంగు నూలున కెక్కవలెనో అది పసివాని నాలుక కెక్కినది! అద్దకపు నీళ్ళు చేతికంటినచో ఎన్ని దినములకు వదలునో నేతయిండ్లవారికి తెలియును. అట్టి యింటి పిల్లవాడు నాలుక గులాబిరంగు జేసికొని వచ్చి చూపినప్పుడు, ఇది యే రంగురా యని యడుగువారు సిరిసిల్లలోనైన నుండవలదా?

మరియు జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పొలములు చూడుడు. ఇది పసుపు పండు సీమ. రైతు తొమ్మిదినెలలు కాచి, త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి నిజామాబాదు మార్కెట్టునకు తోలును. ఆ నిజామాబాదుననే 2025 జనవరిలో జాతీయ పసుపుబోర్డు ప్రారంభమైనది. ప్రపంచమునకే పసుపు రంగు నందించు నేలమీద, ఆ రైతు బిడ్డ రూపాయిబిళ్ళ నిచ్చి రాతినూనెనుండి పుట్టిన పసుపు రంగును నాకుచున్నాడు. ఆహారమునకు పసుపుకొమ్ము రంగు వాడుటకు చట్టము అనుమతించుచున్నది. కాని పసుపుకొమ్ము రంగు వెలుతురున వెలయును; కృత్రిమపు రంగు చవుక, నిలుకడ గలది, మెరుపు గలది. కంటికి అమ్మువానికి మెరుపే కావలెను గదా.

రంగుకంటె కీడైనది ఆకారము. మొదట జెప్పిన సిగరెట్టుపెట్టె మాట మరువకుడు. తెల్లని చక్కెరకడ్డీ, కొసన నిప్పువలె నెర్రని చుక్క. పిల్లవాడు దానిని రెండు వ్రేళ్ళనడుమ బట్టి, తల వెనుకకు వాల్చి, లేని పొగను విడుచును. చూచి తండ్రి నవ్వును. నవ్వదగినదా యిది? మన మూడు పట్టణములలో వేలకొలది యిండ్ల ముంగిళ్ళలో తల్లులు చేట యొడిలో బెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టి బీడీలు చేయుచున్నారు. వారి వేళ్ళకును ఊపిరికిని ఆ పొడి యేమి చేయుచున్నదో వారికి తెలియును. "నా బిడ్డ కీ పని వద్దు, నా బిడ్డ చదువుకోవాలె" అని యే తల్లి యనదు? ఆమె కూలిడబ్బులోని రూపాయి బడియెదుట దుకాణమున చక్కెరసిగరెట్టై ఆ బిడ్డ పెదవుల నడుమకే వచ్చి చేరుచున్నది.

చట్టముల వింత చూడుడు. 2003నాటి చట్టము ప్రకారము విద్యాలయమునకు 100 గజములలోపల పొగాకు నమ్మరాదు. 2016 ఏప్రిల్ నుండి పొగాకుపెట్టెలపై నూటికి 85 వంతుల మేర భయంకరమైన హెచ్చరికబొమ్మ వేయవలెను. మంచిదే. అనగా బొమ్మ మనుష్యుని మనస్సుమీద పని చేయునని ప్రభుత్వమే యొప్పుకొనినది. పెద్దవానిని భయపెట్టుటకు బొమ్మకు శక్తి యున్నచో, చిన్నవానిని ఆకర్షించుటకు బొమ్మకు శక్తి లేదా? పొగాకు నియంత్రణమునకై ఏర్పడిన అంతర్జాతీయ ఒడంబడికను మన దేశము 2004లో ఆమోదించెను. దాని 16వ అధికరణమున, పసివారిని పొగాకునుండి కాపాడు నుపాయములలో నొకటిగా, పొగాకువస్తువుల రూపమున చేయు మిఠాయిలను, ఆటవస్తువులను నిషేధింపవచ్చునని స్పష్టముగా పేర్కొనబడినది. ఆమోదించి యిరువదియేండ్లు దాటినవి. నిజమైన సిగరెట్టు బడికి 100 గజముల దూరమున నిలువవలెను. దాని చక్కెరనీడ బడిద్వారమునకే వచ్చి నిలిచినను అడుగువాడు లేడు.

ఇంకొక యెర కలదు. అది ప్యాకెట్టులోని బొమ్మ. "లోపల బహుమానము" అని పైన వ్రాయుదురు. లోన వ్రేలెడు ప్లాస్టిక్కు తునక యుండును. తినుబండారముతో తినరాని వస్తువును గలిపి పసివాని చేతి కిచ్చుట యెంత ప్రమాదమో చెప్పుటకు మన తెలుగునేలమీదనే దృష్టాంతము కలదు. 2017లో ఏలూరులో నాలుగేండ్ల బాలుడు తినుబండారపు సంచిలోని ప్లాస్టిక్కు బొమ్మ గొంతున కడ్డుపడి మరణించెను. అమెరికాలో మిఠాయిలోపల తినరాని వస్తువును పొదుగుట 1938నాటి చట్టముచేతనే నిషిద్ధము. మనమో, ఆ తునకనే కానుక యందుము. బిడ్డకు తిండియు ఆటయు వేరువేరుగా నిచ్చుటకు తీరిక లేని లోకము రెంటిని నొక సంచిలో గట్టి, ఆ సంచికి వెల కట్టినది.

ఇంతవరకు వర్తకుని దూషించితిని. ఇక మన యిండ్లలోనికి వత్తము. ఈ మూడు పట్టణములకును చుట్టుపట్ల పల్లెలకును గల్ఫుదేశములతో గల సంబంధ మెల్లరెరిగినదే. దుబాయి, మస్కటు, సౌదీ, కువైటు పోయిన తండ్రి రెండేండ్లకో మూడేండ్లకో యొకసారి వచ్చును. పెట్టె విప్పగానే పైన నుండునది మెరుపుకాగితపు చాక్లెట్లు. వాడకట్టంతయు పంచుదురు. తండ్రి ముఖము గుర్తుపట్టుటకు జంకు బిడ్డ, ఆ కాగితమును వెంటనే గుర్తుపట్టును. ఎండలో కట్టడములమీద పనిచేసి, తన తిండి తగ్గించుకొని కొనితెచ్చిన ప్రేమ యది. దానిని పరిహసించుటకు నాకు నోరు రాదు. కాని ఒక మాట చెప్పక తప్పదు. బిడ్డ మనస్సున మెరుపుకాగితమునకును తండ్రి ప్రేమకును ముడి పడినది. తండ్రి మరల విమానమెక్కిన పిమ్మట, ఆ ముడిని పట్టి లాగువాడు బడియెదుటి వర్తకుడు. బిడ్డ ఏడ్చినప్పుడు తల్లి రూపాయి యిచ్చును. "తండ్రి లేని పిల్లగాడు, పోనీ" యనును. ఆమెది జాలి, లాభము మరియొకనిది.

చదువుకొనిన మన యిండ్లు మాత్ర మేమి? పుట్టినదినమున బడిలో చాక్లెట్లు పంచుట మర్యాదయైనది. ఎవరు పెద్ద రంగుడబ్బా తెచ్చిరో వారిదే గొప్ప. అన్నము తినినచో చాక్లె టిత్తు నందుము. ఏడ్పు మానినచో ఇత్తు నందుము. లెక్క సరిగా చేసినచో ఉపాధ్యాయుడును ఇచ్చును. మనమే దానిని బహుమానమును జేసి, మనమే లంచమును జేసి, పిమ్మట పండ్లు పుచ్చిన బిడ్డను దంతవైద్యునివద్దకు గొనిపోయి "వీడు మాట వినడండి" యని వాని నేరమును చెప్పుదుము. బిడ్డ మాట వినుచునే యున్నాడు. మనము చెప్పినదానికంటె కాగితము చెప్పినది గట్టిగా వినబడుచున్నది, అంతియే.

ఆక్షేపణలు రెండు వినవచ్చుచున్నవి. మొదటిది: ముసలమ్మ కడుపు కొట్టుదువా యని. కొట్టను. ఆ ముసలమ్మ మిఠాయిని చేయలేదు, రంగును వేయలేదు. రూపాయికి పైసలు మిగుల్చుకొని బ్రదుకుచున్నది. ఆమె బల్లమీద పల్లీపట్టీలు, నువ్వులలడ్డూలు, పేలాలముద్దలు పెట్టినచో ఆమెకు నష్టమేమి? మన మహిళాసంఘముల స్త్రీలు అవి చేయలేనివారు కారు. బతుకమ్మకు సద్దులు గట్టి, మలీదముద్దలు చేసిన చేతులకు ఒకరు నేర్పవలెనా? ఊరి స్త్రీ చేయగా, ఊరి స్త్రీ యమ్మగా, ఊరి బిడ్డ తినునది యొకటి యేర్పడినచో ఆ రూపాయి యూరు దాటదు.

రెండవ యాక్షేపణ: ఇది తల్లిదండ్రుల బాధ్యత, చట్టమున కేమి పని యని. బాధ్యత వహింపవలెననిన తెలివిడి కావలెను. తెలివిడికి భాష కావలెను. తల్లికి రాని భాషలో వ్రాసి, కొన్నిచోట్ల అసలే వ్రాయక, పిమ్మట ఆమెను చదువలేదేమని నిందించుట దొంగ తాళముచెవిని దాచి యింటివానిని తలుపు వేయలేదని తిట్టినట్లున్నది.

కావున మనము కోరవలసిన దేమి? చట్టములు బొత్తిగా లేవని కాదు. పాఠశాలలోను, దాని ద్వారమునకు 50 మీటర్ల లోపలను, కొవ్వు, ఉప్పు, చక్కెర మిక్కుటముగా గల తినుబండారములను పిల్లల కమ్మరాదని 2020నాటి నిబంధనలు చెప్పుచున్నవి. మిఠాయికి గ్రుచ్చు ప్లాస్టిక్కు పుల్ల 2022 జూలై 1 నుండి దేశమంతట నిషిద్ధము. ఈ రెండింటిని చేత బట్టుకొని ఏ బడిద్వారమునకైన బోయి, అడుగులు కొలిచి చూడుడు, సిగ్గు కలుగును. మొదటి పని ఉన్న చట్టమును నడిపించుట. పాఠశాలల యాజమాన్యములు, గ్రామపంచాయతీలు, పురపాలక సంఘములు తీర్మానించినచో ఒక్క వారములో జరుగు పని యిది. ఆహారభద్రతాధికారులు పండుగలకు పెద్దహోటళ్ళను చూచినట్లే, నెలకొకసారి బడియెదుటి బల్లలను చూచి, రంగుల నమూనాలను పరీక్షకు పంపవలెను. ఫలితమును తెలుగులో ప్రకటింపవలెను.

రెండవది, తెలుగునాట నమ్ము పిల్లల తినుబండారములపై తెలుగులో వివరము విధిగా నుండవలెను. ఎంత చిన్న కాగితమైనను మినహాయింపు కూడదు. చోటు చాలనిచో బొమ్మను తగ్గింపుడు. మూడవది, పొగాకు రూపముగల మిఠాయిని నిషేధింపవలెను. ఇది మనము ఆమోదించిన ఒడంబడిక చూపిన త్రోవయే. నాలుగవది, చిలీదేశమువారి మాదిరి. వారు 2016 నుండి చక్కెర, ఉప్పు, కొవ్వు మిక్కుటమైన వస్తువులపై నల్లని హెచ్చరికముద్ర వేయించి, అట్టివానిపై పిల్లల నాకర్షించు బొమ్మలను, లోపలి కానుకలను మానిపించిరి. అక్కడను పిల్లలు మిఠాయి తినుచునేయున్నారు. బాల్య మేమియు అంతరింపలేదు. మనకంటె ధనికులు కారా యని యనవచ్చును. బొమ్మను మానిపించుటకు ధన మేల? ధైర్య ముండిన జాలును.

ఇవి ప్రభుత్వము చేయవలసినవి. అంతవరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండనక్కర లేదు. ఈ పత్రిక చదువు ప్రతి గృహిణియు, ప్రతి గృహస్థుడును ఒక చిన్న పని చేయవచ్చును. బిడ్డ తెచ్చిన ప్యాకెట్టును లాగికొని పారవేయకుడు. అట్లు చేసినచో దానికి విలువ పెరుగును. దానిని బిడ్డయెదుటనే విప్పుడు. ఒకప్రక్క కాగితము, ప్లాస్టిక్కు, బొమ్మ. మరియొక ప్రక్క మిఠాయి. రెంటిని వేరుచేసి బల్లమీద పెట్టుడు. "నీ రూపాయిలో దీని కెంత, దాని కెంత?" యని యడుగుడు. వెనుక నక్షరము లున్నచో చదివి తెలుగులో చెప్పుడు. పిమ్మట తిననిండు. బట్ట మడత విప్పి చూచు నేర్పు సిరిసిల్ల బిడ్డకు పుట్టుకతో రాలేదు. తండ్రి విప్పుచుండగా చూచి నేర్చెను. ఇదియు నట్లే నేర్చును. పుట్టినదినమున బడికి రంగుడబ్బాకు బదులు ఇంట చేసిన పల్లీపట్టీలు పంపుడు. మొదట నవ్వుదురు, రెండవయేట ఇంకొక తల్లి పంపును, మూడవయేట అది మర్యాద యగును. మర్యాదలన్నియు ఇట్లే పుట్టినవి.

ఆ కోరుట్ల బాలిక ముఖము నా కింకను కన్నులకు గట్టినట్లున్నది. ఆమె యబద్ధము చెప్పలేదు. ఆమె కమ్మినది ఎరుపు. ఆమె రుచి చూచినది ఎరుపు. ఐదురూపాయలిచ్చి ఆమె పుచ్చుకొనినది నాలుకమీద రంగును, చేతిలో నుత్తగొట్టమును. మామిడి రుచి యిదియని, బెల్లము రుచి యిదియని, నువ్వు రుచి యిదియని ఆ నాలుకకు నేర్పవలసిన బాధ్యత మనది. మనము నేర్పనిచో నేర్పుటకు మరియొకడు బడిద్వారమున సిద్ధముగా నున్నాడు. వాడు ప్రతి సాయంకాలము గంటకు ముందే వచ్చును, ఒక్కనాడును సెలవు పుచ్చుకొనడు.